అమెరికా అధ్యక్షుల చేతిరాత ఉత్తరాలు: సేకరించడం, అసలుదో కాదో తేల్చుకోవడం

అమ్మకానికి వచ్చిన ఉత్తరంలో అందరి చూపూ ముందు పడేది అడుగున ఉన్న సంతకం మీద. దొంగ ఉత్తరం తయారుచేసేవాడికీ ఆ సంగతి తెలుసు. అందుకే అతను పట్టుబట్టి సాధన చేసేది ఆ సంతకాన్నే. కాగితం ఏ కాలానిది, ఆ తేదీన రాసినాయన ఏ ఊళ్లో ఉన్నాడు, ఉత్తరం ఎవరికి చేరింది, ఇన్నేళ్లూ ఎవరెవరి చేతులు మారింది, ఇవన్నీ ఒకదానితో ఒకటి పొసిగేలా అల్లడం అతనికి చాలా కష్టం. కాబట్టి ఇక్కడ మిగతావన్నీ ముందు చూద్దాం, సంతకాన్ని ఆఖరున చూద్దాం.

అమెరికాలో వాషింగ్టన్ ఉత్తరమైనా, లింకన్ ఉత్తరమైనా మామూలు మనిషి కొనుక్కోవచ్చు, ఇంట్లో పెట్టుకోవచ్చు, మళ్లీ అమ్ముకోవచ్చు. ఉత్తరం అందుకున్నవాళ్లదే ఆ కాగితం. వాళ్ల తర్వాత వారసులది. అందువల్ల రెండు శతాబ్దాలుగా ఈ కాగితాలు బజారులో తిరుగుతూనే ఉన్నాయి, వాటితోపాటే నకిలీలూ తిరుగుతున్నాయి.

మొదటి అడుగు: కొంటున్నది ఏమిటో తెలుసుకోవడం

వేలం కేటలాగుల్లో ప్రతి ఉత్తరం పక్కనా రెండు మూడు పొడి అక్షరాలుంటాయి. ఏ.ఎల్.ఎస్. అంటే మొదటి అక్షరం నుంచి సంతకం దాకా మొత్తం ఆయన దస్తూరే. ఎల్.ఎస్. అంటే లోపల రాసింది సెక్రటరీ లేదా గుమస్తా, సంతకం ఆయనది. టి.ఎల్.ఎస్. అంటే టైపు కొట్టిన ఉత్తరం మీద సంతకం. డి.ఎస్. అంటే నియామక పత్రం, భూమి పట్టా, ఓడకు ఇచ్చే అనుమతి పత్రం లాంటి సర్కారు కాగితం. ఒకే మనిషి, ఒకే ఏడాది, ఒకే విషయం అయినా ఏ.ఎల్.ఎస్.కూ ఎల్.ఎస్.కూ ధరలో చాలా అంతరం ఉంటుంది.

ఈ తేడా తెలియక మోసపోయేవాళ్లే ఎక్కువ. స్వాతంత్ర్య యుద్ధం రోజుల్లో వాషింగ్టన్ పేరుతో వెళ్లిన ఉత్తరాల్లో చాలావాటిని రాసిపెట్టింది ఆయన సైనిక సహాయకులు. అలెగ్జాండర్ హామిల్టన్ వాళ్లలో ఒకడు. ఆ ఉత్తరాలు నకిలీవి కావు. అలాగని మొత్తం వాషింగ్టన్ దస్తూరీ అని అమ్మితే అది మోసమే.

అధ్యక్ష భవనంలోకి టైపు మిషను వచ్చింది 1880లో, రూథర్‌ఫర్డ్ హేస్ కాలంలో. ఆ తర్వాత పదవిలో ఉన్నవాళ్లు చేత్తో రాయడం క్రమంగా తగ్గిపోయింది. థియొడోర్ రూజ్‌వెల్ట్ టైపు ఉత్తరాల్లో మాత్రం ఒక అందం ఉంది. టైపు కొట్టించాక మళ్లీ చదివి, కలంతో మాటలు కొట్టేసి, పైన కొత్త మాటలు రాసేవాడు. అలాంటి దిద్దుబాట్లున్న ఉత్తరం శుభ్రంగా ఉన్న ఉత్తరం కన్నా ఎక్కువ పలుకుతుంది. నాకైతే అదే న్యాయమనిపిస్తుంది, ఎందుకంటే ఆయన ఆలోచన మారిన చోటు అక్కడే కనిపిస్తుంది.

రెండో అడుగు: ఎవరి ఉత్తరాలు, ఎందుకు

వాషింగ్టన్ నుంచి ఇప్పటిదాకా అందరివీ ఒక్కొక్కటి కూడబెట్టడం పాత అలవాటు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను ఆ దారి చెప్పను. ఎక్కడో ఒకచోట గోడ అడ్డొస్తుంది. విలియం హెన్రీ హారిసన్ 1841 మార్చి 4న ప్రమాణం చేసి ఏప్రిల్ 4న కన్నుమూశాడు. ఆ నెల రోజుల్లో అధ్యక్షుడిగా ఆయన చేత్తో రాసిన ఉత్తరాలు వేళ్ల మీద లెక్కపెట్టేంత అరుదు. గార్ఫీల్డ్ 1881 మార్చిలో పదవిలోకి వచ్చి, జులై 2న తుపాకీ గుండు దెబ్బ తిని, సెప్టెంబరు 19న పోయాడు. కాంగ్రెసు సభ్యుడిగా ఆయన రాసినవి బాగానే దొరుకుతాయి, అధ్యక్షుడిగా రాసినవి దొరకవు. ఆండ్రూ జాన్సన్ కుడి చేతికి పాత గాయం ఉండేది. అందుకే పదవిలో ఉండగా స్వయంగా రాసిన ఉత్తరాలు చాలా తక్కువ. కొన్ని కాగితాల మీద సంతకానికి బదులు ముద్ర కూడా వేయించాడు.

దీనికి బదులు ఒక మనిషినో, ఒక విషయాన్నో పట్టుకోండి. హేస్, క్లీవ్‌లాండ్, టాఫ్ట్ లాంటివాళ్ల మామూలు ఉత్తరాలు కొన్ని వందల డాలర్లకే దొరుకుతుంటాయి. అలాంటి ఒక్కరివే పది ఉత్తరాలు చేతిలో పట్టుకుని చదివితే, ఆ దస్తూరీ మీద వచ్చే పట్టు పదిమందివి ఒక్కొక్కటి కొంటే రాదు.

ధరను నిలబెట్టేది అసలు విషయమే. మసాచుసెట్స్‌లోని కాంకర్డ్ ఊరి పిల్లలు, బానిసల పిల్లలందరినీ విడిపించమని లింకన్‌కు అర్జీ పంపారు. దానికి జవాబుగా 1864 ఏప్రిల్‌లో మిసెస్ హోరేస్ మాన్‌కు ఆయన రాసిన ఉత్తరం 2008లో సోథబీస్ వేలంలో 34 లక్షల డాలర్లు పలికింది. రాజ్యాంగం ఆమోదం పొందాలని వాదిస్తూ వాషింగ్టన్ 1787లో తమ్ముడి కొడుకు బుష్‌రాడ్‌కు రాసిన ఉత్తరం 2009లో క్రిస్టీస్‌లో 32 లక్షలకు పోయింది. అదే లింకన్ ఒక ఆఫీసు పనిమీద రెండు ముక్కలు రాసిన చీటీకి ఆ ధరలో ఆవగింజంత కూడా రాదు.

మూడో అడుగు: కన్నుకు శిక్షణ

ఒక్క డాలరు కూడా ఖర్చుపెట్టకముందు చేయాల్సిన పని ఇది. వాషింగ్టన్ నుంచి కూలిడ్జ్ దాకా 23 మంది అధ్యక్షుల కాగితాలు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి. వాటి ఫొటోలు ఇంటర్నెట్‌లో ఉచితం. ఆడమ్స్ కుటుంబ పత్రాలు మసాచుసెట్స్ హిస్టారికల్ సొసైటీలో, హూవర్ నుంచి ఇటువాళ్లవి ఒక్కొక్కరి పేరున ఉన్న అధ్యక్ష గ్రంథాలయాల్లో ఉంటాయి. గుంటూరులో కూర్చున్నా, న్యూజెర్సీలో ఉన్నా ఈ బడి ఒకటే.

ఒక మనిషివి, ఒకే దశాబ్దానివి ఉత్తరాలు తీసి వరసగా చదవండి. సంతకాన్ని వదిలేయండి. తేదీ ఎలా వేశాడు, నెల పేరు పూర్తిగా రాశాడా కుదించాడా, సంబోధనకూ మొదటి వాక్యానికీ మధ్య ఎంత చోటు వదిలాడు, పంక్తి చివర మాట పట్టకపోతే ఏం చేశాడు, ఇవి చూడండి. జెఫర్సన్ వాక్యాన్ని చిన్న అక్షరంతో మొదలుపెట్టడం అలవాటు. చుక్క పెట్టి, మళ్లీ చిన్న అక్షరంతోనే సాగిపోతాడు. లింకన్ ఉత్తరాల కింద పొడి అక్షరంతో ‘ఏ. లింకన్’ అని రాస్తాడు. పూర్తి పేరు రాసేది నియామక పత్రాల వంటి అధికారిక కాగితాల మీద. స్నేహితుడికి రాసినట్టున్న ఉత్తరం కింద ‘అబ్రహాం లింకన్’ అని నిండుగా ఉంటే, అక్కడ ఆగి మళ్లీ చూడాలి.

వయసుతోపాటు దస్తూరీ మారుతుందన్నది గుర్తుంచుకోండి. జాన్ ఆడమ్స్‌కు ముసలితనంలో చేతులు వణికేవి. చివరి ఏళ్లలో చాలా ఉత్తరాలను ఇంట్లోవాళ్ల చేత రాయించి, కింద వణుకుతో సంతకం చేశాడు. 1820ల తేదీతో ఆడమ్స్ దస్తూరీ నిక్కచ్చిగా, యువకుడిదిలా కనిపిస్తే అది అనుమానించాల్సిన ఉత్తరమే. వుడ్రో విల్సన్‌కు 1919 అక్టోబరులో పక్షవాతం వచ్చింది. ఆ తర్వాతి సంతకాన్ని అంతకుముందు సంతకంతో పోల్చి నకిలీ అనేయడమూ తప్పే.

నాలుగో అడుగు: తేదీ, చోటు, మాటలు

ఇక్కడే ఎక్కువ దొంగ ఉత్తరాలు దొరికిపోతాయి. దీనికి భూతద్దం అక్కర్లేదు, చరిత్ర తెలిస్తే చాలు.

రాజధాని 1789లో న్యూయార్క్, 1790 నుంచి ఫిలడెల్ఫియా, 1800 చివర్లో వాషింగ్టన్. కాబట్టి అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ వాషింగ్టన్ నగరం నుంచి రాజ్యం నడిపినట్టు ఉత్తరం ఉండకూడదు. జనం వాడుకలో ‘వైట్ హౌస్’ అని ఎప్పటినుంచో అంటున్నా, ఉత్తరం తలకట్టు మీద అచ్చయ్యే పేరు ‘ఎగ్జిక్యూటివ్ మాన్షన్’. దాన్ని అధికారికంగా మార్చింది థియొడోర్ రూజ్‌వెల్ట్, 1901లో. లింకన్ ఉత్తరం మీద ‘వైట్ హౌస్’ అని అచ్చు తలకట్టు ఉంటే ఇక ముందుకు చదవాల్సిన పని లేదు.

1928 చివర్లో అట్లాంటిక్ మంత్లీ పత్రిక లింకన్, ఆన్ రట్‌లెడ్జ్‌ల ప్రేమలేఖలంటూ కొన్ని ఉత్తరాలను గొప్పగా ప్రచురించింది. చదివిన చరిత్రకారులు రెండు చోట్ల పట్టేశారు. ఒక ఉత్తరంలో కాన్సస్‌కు వలసపోవడం గురించి ఉంది. కాన్సస్‌ను వలసదారులకు తెరిచింది 1854లో, అప్పటికి ఆన్ చనిపోయి ఇరవై ఏళ్లు కావస్తోంది. ఇంకో ఉత్తరంలో లింకన్ 40వ సెక్షన్ భూమి గురించి రాశాడట. అమెరికా సర్వే పద్ధతిలో టౌన్‌షిప్ అనే పెద్ద భూమి చదరానికి ఉండేది 36 సెక్షన్లే. లింకన్ స్వయంగా గొలుసు పట్టి భూములు కొలిచిన సర్వేయరు, ఆ తప్పు ఆయన చేయడు. రసాయన పరీక్ష ఏదీ లేకుండానే ఆ ఉత్తరాల కథ అక్కడితో ముగిసింది.

1990లలో జాన్ కెనెడీ, మార్లిన్ మన్రోల మధ్య ఒప్పందాలంటూ బయటికొచ్చిన కాగితాల సంగతీ అంతే. వాటిని లక్షల డాలర్లకు మదుపుదారులకు అమ్మారు. 1960ల మొదట్లోవని చెప్పిన ఒక కాగితం మీద చిరునామాలో జిప్ కోడ్ (మన పిన్ కోడ్ లాంటిది) ఉంది. జిప్ కోడ్ మొదలైంది 1963 జులై 1న. అంతకుముందు తేదీ వేసిన కాగితం మీదికి అది ఎలా వస్తుంది? తప్పును చెరిపే టైపు రిబ్బను వాడిన జాడ కూడా దొరికింది, ఆ రోజుల్లో అలాంటి రిబ్బనే లేదు. అమ్మినతను 1999లో దోషిగా తేలి జైలుకు వెళ్లాడు.

తేదీ సరిపోయాక, అదే ఉత్తరం ఇంకెక్కడైనా నమోదై ఉందా అని వెతకండి. వాషింగ్టన్, ఆడమ్స్, జెఫర్సన్, మాడిసన్‌ల ఉత్తరాలు నేషనల్ ఆర్కైవ్స్ వారి ‘ఫౌండర్స్ ఆన్‌లైన్’లో ఉన్నాయి. లింకన్‌వి రాయ్ బాస్లర్ సంపాదకత్వంలో 1953 నుంచి వచ్చిన సంపుటాల్లో ఉన్నాయి. అక్కడ ఉంటే అసలు ఎక్కడుందని వాళ్లు రాశారో చూడాలి. ఒక గ్రంథాలయంలో భద్రంగా ఉన్న ఉత్తరమే మీకు అమ్మకానికి వస్తే, మీ చేతిలో ఉన్నది నకలన్నా అయ్యుండాలి, దొంగిలించిందన్నా అయ్యుండాలి.

జెఫర్సన్ విషయంలో అదృష్టం మనవైపు ఉంది. 1783 నుంచి 1826లో చనిపోయే దాకా తాను పంపిన, తనకు వచ్చిన ఉత్తరాలన్నిటికీ చిట్టా రాసుకున్నాడు. 1804 నుంచి పాలిగ్రాఫ్ అనే యంత్రం వాడాడు. ఆయన ఒక కలంతో రాస్తుంటే, దానికి బిగించిన రెండో కలం పక్క కాగితం మీద అదే కదలికతో అదే ఉత్తరం రాసేది. ఆయన దాచుకున్న ఆ ప్రతులు చాలావరకు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి. మీకు చూపించిన ఉత్తరంలోని పంక్తులు ఆ ప్రతిలో ఎక్కడ విరిగాయో ఇక్కడా అక్కడే విరగాలి. అచ్చు పుస్తకం ముందుపెట్టుకుని కాపీ కొట్టినవాడికి ఆ పంక్తులు ఎక్కడ విరిగాయో తెలియదు.

ఐదో అడుగు: కాగితం, కలం, సిరా

ముందు కాగితాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకోండి. 18వ శతాబ్దపు కాగితంలో సాధారణంగా దగ్గరదగ్గరగా సన్నగీతలు, వాటికి అడ్డంగా ఒక అంగుళం ఎడంలో తీగ గుర్తులు కనిపిస్తాయి. 1800 తర్వాత గీతలు లేని నున్నని అల్లిక వాడుకలోకి వస్తుంది. వాటర్‌మార్క్‌లో తయారీదారు పేరు, ఒక్కోసారి సంవత్సరం కూడా ఉంటుంది. ఉత్తరం తేదీకన్నా ఆ సంవత్సరం తర్వాతిదైతే చర్చ అవసరం లేదు. ఆ రోజుల్లో కాగితం గుడ్డపీలికలతో చేసేవారు, అందుకే ఇప్పటికీ మెత్తగా, గట్టిగా ఉంటుంది. కలపగుజ్జు కాగితం 1860ల తర్వాతే విస్తారంగా వచ్చింది. అది పసుపెక్కి పెళుసుబారుతుంది. అల్ట్రావయొలెట్ టార్చి వేసినప్పుడు కాగితం నీలి తెలుపుగా మెరిసిపోతే, అందులో 1950 ప్రాంతం నుంచి కలపడం మొదలైన తెలుపు రసాయనం ఉందన్నమాట.

అయితే కాగితం పాతదని తేలినంత మాత్రాన ఉత్తరం అసలుది కాదు. పాత పుస్తకాల మొదట్లో, చివర్లో ఉండే ఖాళీ పేజీలు చించి, వాటి మీద రాయడం నకిలీరాయుళ్ల పురాతన విద్య. కాగితం కొలత ఆనాటి ఉత్తరాల కొలతకు సరిపోతుందా, ఒక అంచు మాత్రం కత్తిరించినట్టుందా అన్నది చూడాలి. కవర్లు వాడుకలోకి రాకముందు ఉత్తరాన్నే మడిచి, బయటి వైపు చిరునామా రాసి, లక్కతో అతికించేవారు. 1840ల దాకా అదే మామూలు. ఆ మడతలు, లక్క ఊడిన చోట చిరుగు, అందుకున్న మనిషి వెనక రాసుకున్న తేదీ ఉంటే ఆ ఉత్తరం నిజంగా ప్రయాణం చేసిందన్న నమ్మకం కలుగుతుంది.

కలాల విషయానికొస్తే, 1830ల దాకా బాతు ఈక, తర్వాత ఉక్కు పాళీ. ఉక్కు పాళీ ఒత్తిడికి రెండుగా విచ్చుకుని కాగితం మీద రెండు సన్నని చాళ్లు వదులుతుంది. ఫౌంటెన్ పెన్ను 1880లలో వచ్చింది. బాల్‌పాయింటు పెన్ను అమెరికా దుకాణాల్లోకి వచ్చింది 1945 అక్టోబరులో. ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ అదే ఏడాది ఏప్రిల్ 12న పోయాడు. బాల్‌పాయింటుతో చేసిన ఎఫ్.డి.ఆర్. సంతకం కనిపిస్తే చిరునవ్వుతో తిరిగి ఇచ్చేయవచ్చు.

సిరా గురించి కాస్త వివరంగా చెప్పాలి. వాషింగ్టన్ నుంచి 19వ శతాబ్దం చివరిదాకా మామూలుగా వాడింది మాచికాయ, అన్నభేది, తుమ్మబంక కలిపి చేసిన సిరా. రాసేటప్పుడు పలచగా ఉండి, గాలి తగిలాక నల్లబడి, దశాబ్దాల తర్వాత గోధుమరంగుకు తిరుగుతుంది. దానిలోని ఆమ్లం కాగితాన్ని తినేస్తూ పోతుంది. సిరా ఎక్కువ పడ్డచోట వెనకవైపు కూడా గోధుమరంగు నీడ కనిపిస్తుంది. కొన్నిచోట్ల అక్షరం మేరకు కాగితం రాలిపోతుంది కూడా. ఈ వయసును తొందరగా తెప్పించడానికి రసాయనాలు, వేడి వాడితే ఏమవుతుందో మార్క్ హాఫ్‌మన్ కేసులో బయటపడింది. యూటాలో అతను ఎన్నో చారిత్రక పత్రాలు సృష్టించి, పేరున్న నిపుణులను కూడా నమ్మించాడు. గుట్టు బయటపడుతుందన్న భయంతో 1985లో బాంబులు పెట్టి ఇద్దరిని చంపాడు. మైక్రోస్కోపు కింద అతని పత్రాల సిరా మీద ఎండిన చెరువు నేలలా నెర్రెలు కనిపించాయి. ఎన్నో మంచి పత్రాల పక్కన పెట్టి చూసినా ఆ నెర్రెలు మరెక్కడా లేవు.

ఆరో అడుగు: పది రెట్ల భూతద్దం

మడత ఉన్న చోటికి వెళ్లండి. అక్షరం మడతను దాటే చోట కాస్త ఎక్కువసేపు చూడండి. ముందు రాసి తర్వాత మడిచిన ఉత్తరంలో గీత మడత దగ్గర తెగి ఉంటుంది, సిరా రేకులు రాలి ఉండొచ్చు, కాని గీత అంచు మాత్రం పదునుగానే ఉంటుంది. ఎప్పుడో మడిచిన పాత కాగితం మీద కొత్తగా రాస్తే, విరిగిన నారలు సిరాను పీల్చుకుంటాయి. మడత వెంబడి రెండువైపులా సిరా సన్నని వేళ్లలా పాకుతుంది. పురుగు తిన్న కంత దగ్గరా ఇదే పరీక్ష. సిరా కంత అంచు చుట్టూ ఊరి ఉంటే, కంత ముందు పడింది, రాత తర్వాత వచ్చింది.

తర్వాత గీతల వేగం చూడండి. మనిషి తన పేరు రాసుకునేటప్పుడు చెయ్యి కాగితం మీద వాలకముందే కదలడం మొదలవుతుంది, లేచేటప్పుడూ కదులుతూనే లేస్తుంది. కాబట్టి గీత మొదలూ చివరా సన్నగా తేలిపోతాయి. బొమ్మ గీసినట్టు గీసేవాడి గీత మొద్దుగా మొదలై మొద్దుగా ఆగుతుంది. మధ్యలో చిన్న వణుకు, కలం ఎత్తకూడని చోట ఎత్తిన జాడ, ఒకసారి గీసిన వంపును మళ్లీ దిద్దిన ఆనవాలు ఉంటాయి. నిజంగా రాసేవాడు తన ‘ఎల్’ సరిగా రాలేదని వెనక్కొచ్చి దిద్దడు.

సంతకాన్ని ఇప్పుడు చూడండి. మీ దగ్గరున్న మంచి నమూనాతో అచ్చం గుద్దినట్టు సరిపోతే అనుమానం పెరగాలి. ఏ మనిషీ రెండుసార్లు ఒకేలా సంతకం చేయడు.

మంచి నకిలీరాయుడు ఎంత దూరం వెళ్తాడో తెలియాలంటే జోసెఫ్ కోసీ గురించి తెలుసుకోవాలి. 1930లలో పాత కాగితం సంపాదించి లింకన్, బెంజమిన్ ఫ్రాంక్లిన్, రచయిత ఎడ్గర్ అలన్ పో దస్తూరీల్లో రాసేవాడు. చేయి తిరిగినవాడు. అతని నకిలీలను న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ విడిగా దాచిపెట్టింది. వీలైతే అలాంటి నకిలీల ఫొటోలను కూడా అసలువాటితో సమానంగా చూడండి. ఏది తప్పో చూసిన కన్నుకు ఒప్పు త్వరగా తెలుస్తుంది.

ఏడో అడుగు: నకిలీ కాదు, కాని ఆయన చెయ్యీ కాదు

భూమి పట్టాల మీద 1833 మార్చి దాకా అధ్యక్షుడే సంతకం చేసేవాడు. ఆ భారం ఆండ్రూ జాక్సన్‌కు మోయలేనిదైంది. 1833 మార్చి 2 నాటి చట్టంతో ఆ పని సెక్రటరీకి అప్పగించారు. జాక్సన్ మేనల్లుడి వరస ఆండ్రూ జాక్సన్ డోనెల్సన్ అధ్యక్షుడి పేరు రాసి, కింద ‘సెక్రటరీ’ అని తన పేరు పెట్టేవాడు. ఆ తర్వాతి ఏ అధ్యక్షుడి పేరున్న పట్టా అయినా సెక్రటరీ రాసినదేనని లెక్క. వేలకొద్దీ ఉన్న ఈ పట్టాలను ‘లింకన్ సంతకం’ అని అమ్మజూపడం ఇప్పటికీ ఆగలేదు.

రోనాల్డ్ రీగన్ సినిమా నటుడిగా ఉన్న రోజుల్లో అభిమానుల ఉత్తరాలకు ఆయన తల్లి నెల్ సంతకాలు పెట్టేది. కెనెడీ సంతకాలు ఆయన సెక్రటరీలు పెట్టినవి బోలెడు. కెనెడీ అసలు దస్తూరీయే రోజుకో రకంగా ఉంటుంది కాబట్టి, ఆయన సంతకం మీద నిపుణుడి మాట లేకుండా ఎవరూ డబ్బు పెట్టకూడదు. దీనికితోడు ఆటోపెన్ యంత్రం. సంతకం అచ్చును అనుసరిస్తూ కలం పట్టి రాసే ఈ యంత్రాన్ని కెనెడీ కాలం నుంచి విరివిగా వాడారు. ఒబామా 2011లో ఫ్రాన్స్‌లో ఉండగా ఒక చట్టం మీద సంతకం కూడా దీనితోనే చేయించాడు. గీత అంతటా ఒకే ఒత్తిడి, మొదట్లో చివర్లో చుక్క, అక్కడక్కడా యంత్రం అదురు దీని లక్షణాలు. రెండు సంతకాలు ఒకదానిమీద ఒకటి పెడితే అతుక్కుపోతే అది యంత్రమే.

అచ్చు నకళ్ల బెడద వేరు. 1864 నవంబరులో బిక్స్‌బీ అనే తల్లికి లింకన్ పేరుతో వెళ్లిన ఓదార్పు ఉత్తరం అసలు ప్రతి ఇప్పుడు ఎక్కడా లేదు. 19వ శతాబ్దం చివర్లోనే దాని అచ్చు నకళ్లు అమ్ముడుపోయాయి. తాతగారి పెట్టెలో దొరికిందంటూ అవి ఇప్పటికీ వస్తుంటాయి. భూతద్దంలో అచ్చు సిరా చదునుగా ఉంటుంది, గీతలు ఒకదాన్నొకటి దాటే చోట సిరా చిక్కబడదు, వెనకవైపుకు దిగదు.

ఎనిమిదో అడుగు: ఇన్నేళ్లూ ఎక్కడుంది

19వ శతాబ్దంలో ఫిలడెల్ఫియాలో రాబర్ట్ స్ప్రింగ్ అనే పుస్తకాల వ్యాపారి వాషింగ్టన్ చెక్కులు, పాసులు తయారుచేసి అమ్మేవాడు. అంతర్యుద్ధం తర్వాత, దక్షిణాది సేనాని స్టోన్‌వాల్ జాక్సన్ కూతురు పేదరికంలో పడి కుటుంబ పత్రాలు అమ్ముకుంటున్నట్టు ఉత్తరాలు రాసి ఇంగ్లండ్‌లోని వాళ్లకు అంటగట్టాడు. అతను అమ్మింది కాగితాన్ని కాదు, కథను. కాబట్టి కథ వినడం మంచిదే, దానికి కాగితం అడగడం ఇంకా మంచిది. పాత వేలం కేటలాగు పేజీ, అప్పటి రసీదు, వీలునామాలో ప్రస్తావన, అందుకున్న మనిషి వంశవృక్షం, వీటిలో ఏదో ఒకటైనా ఉండాలి.

అసలు ఉత్తరమైనా దొంగ సొత్తు అయితే మీది కాదు. దొంగ దగ్గర కొన్నవాడికి, తెలియక కొన్నా సరే, అమెరికా చట్టం హక్కు ఇవ్వదు. అధ్యక్షుల వస్తువుల నిపుణుడిగా పేరున్న బారీ లాండౌ 2011లో మేరీలాండ్ హిస్టారికల్ సొసైటీలో దొంగతనం చేస్తూ పట్టుబడ్డాడు. వెతికితే అనేక సంస్థల నుంచి ఎత్తుకొచ్చిన వేల పత్రాలు బయటపడ్డాయి. 1865లో ఒక సైనికుడు ఎత్తుకెళ్లిన నార్త్ కరొలైనా హక్కుల పత్రం ప్రతిని 2003లో ఎఫ్.బి.ఐ. వలపన్ని వెనక్కి తీసుకుంది. మధ్యలో 138 ఏళ్లు గడిచినా హక్కు రాష్ట్రానిదే అయింది. కాగితం మూలన చెరిపేసిన పెన్సిలు అంకె, గ్రంథాలయం ముద్రను గీకిన గరుకు మచ్చ కనిపిస్తే కొనొద్దు. నేషనల్ ఆర్కైవ్స్ పోయిన పత్రాల జాబితా తన వెబ్‌సైటులో పెడుతుంది, అదీ చూడండి.

ఆర్కైవ్స్‌లో ఉన్న కాగితాన్ని కూడా చూడకుండా నమ్మలేం. లింకన్ హత్య జరిగిన 1865 ఏప్రిల్ 14న ఆయన ఒక సైనికుడికి క్షమాభిక్ష రాశాడని 1998లో ఒక పత్రం వెలుగులోకి వచ్చి సంచలనమైంది. ఒక ఉద్యోగి బాస్లర్ సంపుటం తీసి చూస్తే అక్కడ 1864 అని ఉంది. చివరి 4ను ఎవరో 5గా దిద్దారని 2011లో నేషనల్ ఆర్కైవ్స్ ప్రకటించింది. పాత అచ్చు పుస్తకం ఎందుకు దగ్గర ఉంచుకోవాలో ఇంతకన్నా బాగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు.

తొమ్మిదో అడుగు: కొనడం

ఉత్తరాలనే వృత్తిగా పెట్టుకున్న డీలరు దగ్గర మొదలుపెట్టండి. ధర ఎక్కువే అవుతుంది, కాని జీవితకాలం వాపసు హామీ రాసిస్తారు. ఆ హామీ రాతలో లేకపోతే కొనకండి. సోథబీస్, క్రిస్టీస్, హెరిటేజ్, ఆర్ఆర్, స్వాన్ లాంటి వేలం సంస్థల్లో పాడే ముందు షరతులు చదవాలి. నకిలీ అని తేలితే ఎన్నాళ్లలోపు చెప్పాలో, ఎవరి మాటను సాక్ష్యంగా ఒప్పుకుంటారో అక్కడే రాసి ఉంటుంది. పాట ఎంత దగ్గర ఆగినా దానిపై కొనుగోలుదారు రుసుము పడుతుంది. 20 నుంచి 25 శాతం మామూలు, ఒక్కోచోట ఇంకా ఎక్కువ. పాడే ముందే ఆ లెక్క కలుపుకోండి.

సర్టిఫికెట్ గురించి ఒక మాట. అందమైన హోలోగ్రామ్ ఉన్న కాగితం ఎవరైనా అచ్చు వేసుకోగలరు. దాని విలువ సంతకం చేసిన నిపుణుడి పేరుదే. క్రీడాకారుల సంతకాలు రోజుకు వందల్లో చూసే సంస్థ మాడిసన్ ఉత్తరాన్ని అంత బాగా చూడగలదని నేననుకోను. ఆ అధ్యక్షుడి కాగితాలే ఏళ్ల తరబడి చూసిన మనిషి మాటే నాకు ముఖ్యం. పెద్ద మొత్తం పెట్టేటప్పుడు అమ్మేవాడితో సంబంధం లేని రెండో నిపుణుడికి ఫీజిచ్చి చూపించండి. అందుకు అమ్మేవాడు ఒప్పుకోకపోతే అదే మీకు జవాబు.

పదో అడుగు: దాచుకోవడం, ఇండియాకు తేవాలనుకుంటే

ఉత్తరాన్ని లామినేషన్ చేయించకండి, టేపు అంటించకండి, అసలును గోడకు వేలాడదీయకండి. ఆమ్లం లేని ఫోల్డరులో, పాలియెస్టర్ కవరులో, చీకటిగా, చల్లగా, తేమ 35 నుంచి 50 శాతం మధ్య ఉండే చోట ఉంచాలి. మాచికాయ సిరాకు తేమ శత్రువు. విశాఖలో, కాకినాడలో వర్షాకాలం గాలి ఎలా ఉంటుందో మనకు తెలుసు. ఆ గాలిలో మామూలు బీరువా ఈ కాగితానికి సరిపోదు. చిరుగు పడితే కాగితాల సంరక్షణ తెలిసిన నిపుణుడికి ఇవ్వండి, బైండింగ్ షాపుకు కాదు.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు ఇంటికి తెచ్చుకోవాలనుకుంటే 1972 నాటి మన పురావస్తువుల చట్టాన్ని ముందే చదవాలి. చారిత్రక విలువ ఉండి 75 ఏళ్లు దాటిన రాతపత్రం ఆ చట్టం ప్రకారం పురావస్తువు కిందికి రావచ్చు. పురావస్తువును దేశం దాటించే అధికారం ప్రైవేటు వ్యక్తులకు లేదు. ఒకసారి తెచ్చిన లింకన్ ఉత్తరాన్ని మళ్లీ న్యూయార్క్ వేలానికి పంపాలంటే చిక్కుల్లో పడే అవకాశం ఉంది. తెచ్చే ముందే కస్టమ్స్‌తో, భారత పురావస్తు శాఖతో మాట్లాడి జవాబును రాతపూర్వకంగా తీసుకోండి. అది కుదరనంత వరకు అసలును అమెరికాలోనే లాకరులో బీమా చేయించి ఉంచి, మంచి స్కాన్ తీయించి ఇక్కడి గోడకు పెట్టుకోండి. కొన్న రసీదు, నిపుణుడి నివేదిక, రెండువైపులా తీసిన ఫొటోలు, చేతులు మారిన చరిత్ర ఒకే ఫైలులో ఉంచి, ఆ ఫైలు ఎక్కడుందో ఇంట్లో ఒకరికి చెప్పండి.